గోవా ఒడ్డున మా పాత బ్యాచ్

గోవాకు పోదామన్నది నేను కాదు, ఆపా. ఆపా అంటే మా స్కూల్లో హిందీ చెప్పే టీచరు. పుట్టిల్లు నిర్మల్, అత్తగారిల్లు మంచిర్యాల. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను ఆపా అంటాను, ఉర్దూలో అదీ అక్కే. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోకుండానే పద్నాలుగేళ్లు ఒకే బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం.

నేను లెక్కల టీచర్ని. శ్రీరాంపూర్ దగ్గర సర్కారు హైస్కూల్లో పనిచేస్తాను. మా బడికి వచ్చేవాళ్లలో సగం మంది బొగ్గుబాయి కార్మికుల పిల్లలు. ఇన్నేళ్లు ఒకే చోట చెప్పడం వల్ల ఆ చుట్టుపక్కల నేను తెలియని ఇల్లు లేదు. కూరగాయలు బేరమాడబోతే, కొట్టు మీది అబ్బాయి ‘మేడం, మీరు ఎంతిస్తే అంత’ అంటాడు. దాంతో బేరం అక్కడే ఆగిపోతుంది. బండి దగ్గర నిలబడి పానీపూరీ తిని ఎన్నేళ్లయిందో. దవాఖానలో చీటీ రాసే అమ్మాయి, బస్సులో టికెట్ కొట్టే ఆయన, అందరూ నమస్తే మేడం అనేవాళ్లే. వినడానికి గొప్పగానే ఉంటుంది. రోజంతా నడుం నిటారుగా పెట్టుకుని తిరగాల్సిన మనిషికి తెలుస్తుంది దాని బరువు.

సముద్రం అంతకుముందు ఒక్కసారే చూశాను, రామేశ్వరంలో. యాత్రా బస్సులో మా అత్తమ్మతో పోయాను. అందరూ మునిగి లేస్తుంటే నలుగురి పొడిబట్టలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి బస్సు హారన్ కొట్టింది. ఎవరూ ఎరగని చోట సముద్రం ముందు ఊరికే కూర్చోవాలని అప్పటి నుంచి ఉండేది. ఇంకో కోరిక కూడా ఉంది. అది ఆపాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. యాభై దాటేలోపు ఒక్కసారి చల్లటి బీరు తాగి చూడాలని. చిన్నప్పుడు మా ఊళ్లో బాపు పక్కన కూర్చుని కల్లు తాగినదాన్నే, అందులో తప్పు పట్టేవాళ్లు లేరు. బీరు మాత్రం మా ఇళ్లలో మగవాళ్లది.

దసరా సెలవుల్లో పోదామని ఆపా లెక్క తీసింది. వానలు అప్పటికి వెలుస్తాయి, గదులు తక్కువలో దొరుకుతాయి, రాత్రిళ్లు పాటలూ దీపాలూ మాత్రం తగ్గవట. ఆమెకు ఆ దీపాలే కావాలి. ఇంట్లో చెబితే అత్తమ్మ, బతుకమ్మ పండుగ పెట్టుకుని ఎక్కడికి పోతావని మూతి ముడిచింది. సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉంటానని మాటిచ్చాను. మా ఆయన టీవీ వైపే చూస్తూ ఒక్క మాట అన్నాడు.

“పో. కని ఎవ్వలకు చెప్పకు. గోవా అంటే మంది ఏమనుకుంటరో ఎర్కేనా?”

అందుకని స్కూల్లో నేను గోకర్ణం దర్శనానికి అన్నాను. ఆపా హుబ్లీలో చుట్టాల పెళ్లి అంది.

బయలుదేరిన కాడి నుంచే ఏదీ సరిగ్గా సాగలేదు. మంచిర్యాల నుంచి సికింద్రాబాదు దాకా రైలు బాగానే పోయింది. అక్కడెక్కిన స్లీపర్ బస్సులో తెల్లవారకముందే ఏసీ ఆగిపోయింది. కిటికీలు తెరుచుకునేవి కావు. కర్ణాటకలో ఎక్కడో రోడ్డు పక్కన బస్సు ఆపి, డ్రైవరు కిందికి దూరి ఏదో పైపును తాడుతో కట్టాడు. పొద్దున టిఫిన్ వేళకు దిగాల్సినవాళ్లం మధ్యాహ్నం రెండు దాటాక గోవాలోని కలంగూట్‌లో దిగాం. ఒళ్లంతా చెమట, పైగా ఆపాకు తలనొప్పి. ఫోన్లో గది బొమ్మ చూసినప్పుడు బాల్కనీ నుంచి నీలంగా సముద్రం కనపడింది. తీరా పోతే బాల్కనీ ఎదురుగా పక్క హోటల్ వెనక గోడ, దాని కింద జనరేటర్. ఇరవై ఏళ్లు పిల్లలకు నేర్పిన హిందీతో ఆపా ఆ గది యజమానిని నిలబెట్టి కడిగేసింది. అతను నింపాదిగా, సముద్రం ఆ గోడ వెనకే ఉందన్నాడు.

సాయంత్రం ఒడ్డుకు పోయాం. ఆపా దారిలో నా కోసం ఒక వదులు పైజామా, కొబ్బరిచెట్టు బొమ్మ ఉన్న టీషర్టు కొనింది. పెళ్లయ్యాక చీర, చుడీదార్ తప్ప వేరేది వేసుకుని నేను వీధిలోకి రాలేదు. గోవాలో ఎవరు చూస్తారు అని ఆపా నన్ను ముందుకు తోసింది. నిజంగానే ఎవరూ చూడలేదు. ఒడ్డు నిండా జనం, పిల్లలు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తులు, విజిల్ ఊదుకుంటూ తిరిగే కాపలావాళ్లు. జనాన్ని తప్పించుకుని నీళ్లలోకి మోకాలిదాకా దిగాం. ఒక అల వచ్చి నన్ను కూలేసింది. నన్ను లేపబోయి ఆపా నా మీదే పడింది. ఆమె తలకు చుట్టుకున్న స్కార్ఫ్ నా మొహం మీదికి వచ్చింది, నోట్లో ఉప్పునీళ్లు. ఇద్దరం లేవలేక కూర్చున్న చోటే నవ్వుతున్నాం. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో ఆలోచించే తీరిక కూడా లేకుండా నవ్వాను.

“నమస్తే మేడం.”

తిరిగి చూడకముందే అది మా బడి నమస్తే అని తెలిసిపోయింది. ఐదుగురు నిలబడి ఉన్నారు. అందరూ పాతికేళ్లు దాటినవాళ్లు, నిక్కర్లలో, తడి ఒళ్లతో. ప్రార్థనలో నిలబడ్డట్టు ఒకే వరసలో ఉన్నారు. ముందున్నవాడు చేతిలోని సీసాను వెనక్కి దాచి, మెల్లగా ఇసుకలోకి వదిలేశాడు. వాడిని వెంటనే గుర్తుపట్టాను. కిటికీ పక్క చివరి బెంచి, లాభనష్టాల లెక్కలు బాగా చేసేవాడు, జామెట్రీ అంటే వణికేవాడు. పదో తరగతి నా చేతుల మీదుగానే గట్టెక్కాడు. వాళ్ల బాపుకు ఒంట్లో బాగాలేక బాయి ఉద్యోగం కొడుక్కు వచ్చింది. మిగతా నలుగురు కూడా ఆ బ్యాచ్ వాళ్లే.

బాయిలో బోనస్ పడిందని, దోస్తులంతా కలిసి వచ్చామని చెప్పాడు. నేను తడి టీషర్టు ముందు చేతులు కట్టుకుని, నీళ్లలోనే కూర్చుని, ఎప్పుడొచ్చారు, ఎక్కడ దిగారు అని అడిగాను. నాకే విచిత్రంగా తోచింది, గొంతు క్లాసులో హాజరు తీసుకునే గొంతయిపోయింది. లేచి నిలబడేసరికి ఎక్కడి నుంచో రెండు కుర్చీలు వచ్చాయి. కొబ్బరిబొండాలు వచ్చాయి. మా పక్కన ఫోటోలు దిగుతున్న ఎవరినో ‘జర అటు జరగండ్రి, మా మేడం ఉన్నరు’ అని పక్కకు పంపేశారు. మేం వద్దంటున్న కొద్దీ మర్యాద పెరిగింది. చీకటి పడేదాకా మా కుర్చీల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. పోయేముందు ఒక్క ఫోటో అన్నారు. నేను వద్దన్నాను. ఆపా మాత్రం పిల్లల మొహాలు చూసి, ఒక్కటే కదా అంది. దిగాం.

గదికి వచ్చాక, ఇంత పెద్ద గోవాలో మళ్లీ కనపడరులే అని ఆపా ధైర్యం చెప్పింది.

మరునాడు పొద్దున స్కూటర్ అద్దెకు తీసుకుని, జనం తక్కువ ఉండే ఒడ్డు ఏదని అడుక్కుంటూ పోయాం. ఆపా నడిపింది, నేను వెనక కూర్చున్నాను. దారి పొడుగునా ఎర్రమట్టి, కొబ్బరిచెట్లు, పొడుగాటి కిటికీల పాత ఇళ్లు. ఒక గుట్ట దిగితే నల్లరాళ్ల మధ్య చిన్న ఒడ్డు దొరికింది. అక్కడ కూర్చున్నాం. అరగంట, అంతే. నాకు కావలసిన సముద్రం ఆ అరగంటే దొరికింది. ఆ తర్వాత గుట్ట మీద పాటల మోతతో ఒక జీపు వచ్చి ఆగింది. మమ్మల్ని చూడగానే పాట టక్కున ఆగిపోయింది. పాట ఆగగానే, వచ్చింది ఆ ఐదుగురేనని నాకు అర్థమైంది.

పాపం, వాళ్ల మొహాలు కూడా వెలవెలబోయాయి. డబ్బాలో ఐసు పెట్టుకుని దేనికోసం వచ్చారో తెలుస్తూనే ఉంది. మీరు కూర్చోండ్రి మేడం, మేం పోతం అన్నారు, పోలేదు. ఇక్కడ తాగినోళ్లు తిరుగుతరు, ఇద్దరు ఆడోళ్లను ఒంటరిగా ఎట్ల విడిచిపెడతం అని రాళ్ల మీద దూరందూరంగా కూర్చున్నారు. మా వల్ల వాళ్లు తాగలేదు, వాళ్ల వల్ల నేను కాళ్లు చాపుకుని కూర్చోలేదు. కొంగు లేకపోయినా సర్దుకోబోయి రెండుసార్లు భుజం తడుముకున్నాను. పది నిమిషాలకే లేచి వచ్చేశాం.

ఆ సాయంత్రం నా పంతం నేను నెగ్గించుకోవాలనుకున్నాను. పక్కనే బాగా అనే పేరున్న బీచి ఒడ్డు మీద వరసగా పాకలు ఉంటాయి, తిండీ మందూ రెండూ దొరుకుతాయి. ఒక దాన్లో పాటలు, రంగు దీపాలు చూసి ఆపా మొహం వెలిగిపోయింది. నలుదిక్కులా చూసి, తెలిసిన తల ఒక్కటి కూడా లేదని నిర్ధారించుకున్నాక ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆపాకు నిమ్మరసం సోడా, వేయించిన చేప. నాకు బీరు. ఆ మాట చెప్పడానికి నాకు రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. వెయిటర్ ఏమీ అనుకోలేదు, చల్లగా గ్లాసులో పోసి పెట్టి పోయాడు. గ్లాసు బయట నీటి చుక్కలు జారుతున్నాయి. పైన నురగ. చెయ్యి చాపాను.

“మేడం.”

ఈసారి ఆ కిటికీ పక్క బెంచివాడొక్కడే వచ్చాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ఆపా ఆ గ్లాసును తన ముందుకు లాక్కుంది. ఐదుపూటలా నమాజు చేసే మనిషి, జీవితంలో మందు వాసన పడని మనిషి, బీరు గ్లాసు మీద రెండు చేతులూ పెట్టుకుని, నా స్టూడెంట్ ముందు కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు గ్లాసు చూశాడు, ఆపాను చూశాడు, నన్ను చూడలేదు. వాడు అప్పటికే కొంచెం తాగి ఉన్నాడు. కూర్చోమనకుండానే కుర్చీ అంచున కూర్చున్నాడు.

“నిన్న మిమ్మల్ని దూరంకెల్లి చూసి, మేడం కాదు అన్నరు మావోళ్లు. నేను మేడమే అన్న. పందెం కట్టినం.”

వాడు కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

“ఐదేండ్లు మీ దగ్గర చదువుకున్నం మేడం. మీరు నవ్వంగ చూసుడు గిదే మొదలు. మీకు నవ్వు రాదనుకున్నం మేడం, నిజంగ.”

వాడు దాన్ని పొగడ్తగానే చెప్పాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు, అది ఎంత మందు, ఎంత మనసు అన్నది నేను చెప్పలేను. నాకు మాత్రం ఒళ్లు మండింది. అరవై మంది ఉన్న క్లాసులో, ఫ్యాను తిరగని గదిలో, నవ్వుతూ త్రికోణమితి చెప్పి చూడరా అందామనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నవ్వినందుకే కదా మూడు నెలలు నా క్లాసులో ఈలలు వేశారు, ఆ తర్వాతే కదా మూతి బిగించింది, అని కూడా నాలుక దాకా వచ్చింది. గదికి పోయి పడుకోరా అని మాత్రం అన్నాను. వాడు లేచి, నా కాళ్లకు దండం పెట్టబోయి, బల్ల అంచుకు తల తగిలించుకుని, పోయాడు. బీరు అట్లాగే ఉంది. నురగ దిగిపోయి, వేడెక్కిపోయింది. తాగు అక్కా, ఫికర్ చేయకు అని ఆపా గ్లాసు ఇటు జరిపింది. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. చేదుగా, చప్పగా ఉంది. ఇంకోటి తెప్పించుకునే మనసు లేకపోయింది.

మూడోరోజు పొద్దున లేచి ఫోన్ చూస్తే స్టాఫ్ గ్రూపులో మా ఫోటో ఉంది. నేను, ఆపా, కొబ్బరిబొండాలు, కొబ్బరిచెట్టు టీషర్టు, మా వెనక నిక్కర్లలో ఐదుగురు. వాడు స్టేటస్‌లో పెట్టుకున్నాడు, ఎవరో తీసి ఎవరికో పంపారు. హెడ్మాస్టరు కింద దండం పెట్టే గుర్తు వేసి ‘గోకర్ణం దర్శనం బాగా అయిందా మేడం’ అని రాశాడు. దాని కింద పది మంది నవ్వు మొహాలు. ఆపాకు హుబ్లీ పెళ్లి ఎట్లా జరిగిందని వేరే పరామర్శ. పళ్లు తోముకోకముందే మా ఆయన ఫోన్.

“ఎవ్వలకు చెప్పద్దంటి గద.”

“నేను చెప్పలే.”

“మరి గీ ఫోటో ఏంది? మా ఆఫీసుల గూడ చూసిండ్రు.”

ఏం చెప్పినా సంజాయిషీలాగే ఉంటుందని పెట్టేశాను. తర్వాత నంబరు వెతికి వాడికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే మత్తు దిగినట్టుంది. ఫోటో వెంటనే తీసెయ్యమని, ఎవరినడిగి పెట్టావని, బుద్ధుందా అని, తరగతిలో ఎన్నడూ తిట్టనంత తిట్టాను. వాడు అన్నింటికీ సరే మేడం అన్నాడు. చివర్లో మాత్రం మెల్లగా అన్నాడు.

“మా మేడం అని గొప్పకు పెట్టిన మేడం. తప్పయింది.”

తీసేశాడు. అప్పటికి అది పోవాల్సిన చోట్లన్నింటికీ పోయింది.

మా బస్సు మధ్యాహ్నం. అప్పటిదాకా ఉన్న పొద్దును వదులుకోవద్దని ఆపా నన్ను మళ్లీ ఒడ్డుకు తీసుకుపోయింది. రాత్రంతా పాటలు పెట్టి అలిసిపోయిన ఒడ్డు ఖాళీగా ఉంది. కుక్కలు, వలలు విప్పుతున్న ఇద్దరు ముసలివాళ్లు, అంతే. సముద్రం అంతా మాదే. నేను నీళ్లలో నిలబడి ఉన్నాను కానీ మాటిమాటికీ వెనక్కి తిరిగి ఇసుక వైపు చూస్తున్నాను. ఎవరైనా వస్తున్నారేమో, ఆ దూరంగా వచ్చేది మనవాళ్లేనేమో అని. నాలుగైదుసార్లు చూశాక ఆపాకు సహనం పోయింది.

“అక్కా, పోరగాళ్లు పండుకున్నరు. నువ్వు ఎగ్జామ్ డ్యూటీల ఉన్నట్టు వెనకకే చూస్తున్నవు. పరేషాన్ చేసింది వాళ్లు కాదు, నువ్వే.”

నాకు కోపం వచ్చింది. ఫోటోకు ఒప్పుకున్నది ఎవరని అడిగాను. స్కూల్లో గోకర్ణమని అబద్ధం చెప్పింది ఎవరని ఆమె అడిగింది. నాకు మొగుడున్నాడు, నీకు చెప్పుకోవాల్సినవాళ్లు లేరు అనేశాను. ఆపా భర్త చనిపోయి ఆరేళ్లు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆమె చెప్పులు చేతపట్టుకుని గది వైపు నడిచింది. నేను వెనకాలే పోయాను. సముద్రాన్ని అక్కడే వదిలేసి పోతున్నామన్న ధ్యాస కూడా లేదు. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఎక్కడో చాయ్‌కి ఆపినప్పుడు ఆమే రెండు కప్పులు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. క్షమించమన్నాను. తాగు, చల్లారుతది అంది.

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అత్తమ్మ తంగేడు, గునుగు తెప్పించి ఉంచింది, నాతో మాట్లాడకుండానే పూలు అందించింది. సాయంత్రం కాలనీ మైదానంలో ఆడవాళ్లందరి నోట్లోనూ గోవానే. సముద్రం లోతు ఎంతుంటది, అక్కడ అందరూ బట్టలు లేకుండ తిరుగుతరట నిజమేనా, మీరు కూడా డాన్స్ చేసిండ్రా మేడం. చప్పట్లు కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ, ఒక్కొక్కరికి జవాబు చెప్పుకున్నాను. ఓపిక అయిపోయి పక్కకు వచ్చి నిలబడితే, ఆ ఫోటో పెట్టినవాడి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో సత్తుపిండి ముద్ద. నాకిచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“మేడం, మీరు ఆడ ఉన్నరట గద. ఫోటో చూసిన. మావోడు తాగిండా?”

వాడి బాపు తాగుడుతోనే మంచం పట్టాడని కాలనీలో అందరికీ తెలుసు. ఇన్నేళ్లూ ఆమె బడికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగింది ఇట్లాంటివే. లెక్కలు చేస్తుండా, క్లాసుకు వస్తుండా, ఎవలతోని తిరుగుతుండు. నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఇంకా వాడి హాజరు నేనే వేయాలా అని విసుగొచ్చింది. సెలవులో కూడా, రెండు రాష్ట్రాలు దాటి పోయినా కూడా. నిజం చెబితే ఆమెకు రాత్రి నిద్ర ఉండదు. అబద్ధం చెబితే, వాడూ నేనూ ఒకరి గుట్టు ఒకరం దాచుకున్నట్టవుతుంది.

“కొబ్బరినీళ్లు తాగిండు,” అన్నాను. “మమ్ముల మంచిగ చూసుకున్నరు.”

ఆమె నా చేతిని కళ్లకద్దుకుంది. నాకు ఇంకా ఇబ్బందయింది. మీ దగ్గర చదువుకున్నోడు కదా మేడం, ఎట్ల తాగుతడు అంది. ఆ తర్వాత పాట అందుకున్నారు, ఆమె నన్ను కూడా లాక్కుపోయి వరసలో నిలబెట్టింది. నా సత్తుపిండి ముద్ద ఒక చేతిలోనే ఉంది, చప్పట్లు సరిగా పడలేదు. రెండు వరసల అవతల మా అత్తమ్మ, నా వైపు చూసి, చేతులు ఎత్తి కొట్టమని సైగ చేసింది.